నడిసముద్రంలో కొట్టు ఉండదు



మార్కాపురం, గిద్దలూరు వైపు సముద్రం లేదు. చూడాలంటే ఒంగోలు దాటి కొత్తపట్నం పోవాలి. అయినా ఈ రోజు మాట సముద్రం మీద పోయే పడవ గురించే. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఒక తెరచాప పడవ బయలుదేరింది. దాని పేరు తారిణి. పొడవు 55 అడుగులు. అందులో ఉన్నది ఆరుగురు ఆడవాళ్ళే. అందరూ మన దేశ నౌకాదళ అధికారులు. నాయకురాలు వర్తికా జోషి. వాళ్ళలో ఇద్దరు తెలుగు అమ్మాయిలు. విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య. గాలే ఆధారంగా వాళ్ళు భూమిని చుట్టి వచ్చారు. సుమారు 40 వేల కిలోమీటర్లు తిరిగి, 2018 మే 21న గోవా చేరారు.

న్యూజిలాండు దాటాక దాదాపు 40 రోజులు చుట్టూ నీళ్ళే. అక్కడ తెరచాప చిరిగితే ఎవరిని పిలవాలి? బోల్టు విరిగితే ఏ కొట్టుకు పోవాలి? అందుకే దూరం పోయే పడవలో తిండి, మంచినీళ్ళతో పాటు విడిభాగాల పెట్టె కూడా ఉంటుంది.

ఆ పెట్టెలో ఏముంటాయి? తెరచాప కుట్టడానికి దబ్బనాలు, మైనం పూసిన దారం, అతుకు గుడ్డ. తెగినవాటికి బదులు మోకులు. బావి గిలకల్లాంటి గిలకలు. ఇంజనుకు బెల్టు, ఫిల్టరు, ఆయిలు. పంపులకు రబ్బరు వాషర్లు. దీపాలకు ఫ్యూజులు, వైరు. ఇంకా కొయ్య బిరడాలు. పడవ అడుగున నీటి గొట్టం ఊడితే, ఆ రంధ్రంలో బిరడా కొట్టి నీళ్ళు ఆపుతారు. ఏ రంధ్రానికి సరిపడే బిరడా ఆ రంధ్రం పక్కనే కట్టి ఉంచుతారు. చీకట్లో వెతుక్కునే పని ఉండదు.

అన్నీ మోసుకుపోవడం కుదరదు. పడవ చిన్నది. అందుకే మూడు సంగతులు చూస్తారు. ఏది తరచుగా అరిగిపోతుంది? ఏది లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది? ఏది మన చేత్తో బిగించుకోగలం? కొన్న వస్తువు సరిగ్గా పడుతుందో లేదో ఒడ్డునే బిగించి చూస్తారు. ఇనుముకు నూనె రాసి చుట్టిపెడతారు. చిన్న చిరుగును చూసిన రోజే కుడతారు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోరు.

అయినా కొన్ని పెద్ద పనులు పడవ మీద కావు. తిరుగు ప్రయాణంలో తారిణికి చుక్కాని తిప్పే ఏర్పాటు చెడింది. 2018 ఏప్రిల్లో దారి మళ్ళించి మారిషస్ రేవులో ఆగారు. అక్కడ బాగు చేయించుకుని ఇంటికి వచ్చారు.

ఇప్పుడు ఊళ్ళోని బోరింగు సంగతి చూడండి. ఎండాకాలం. బోరింగు ఆగింది. మెకానిక్కు వచ్చి చూస్తాడు. "వాషరు అరిగింది, తేవాలి" అంటాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడో! బిందెలు పట్టుకుని పొలాల వెంట తిరిగేది ఎవరు? ఆడవాళ్ళే కదా! కొట్టు దూరమైన పల్లె కూడా నడిసముద్రంలో పడవ లాంటిదే.

ఇండియా మార్కు 2 బోరింగులో అడుగున ఉండే వాషరు మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాలి. అది మెకానిక్కు పని. కానీ వాషరు ఊళ్ళోనే ఉంటే అతను వచ్చిన రోజే పని అయిపోతుంది. వదులైన నట్లు బిగించడం, గొలుసుకు గ్రీజు పెట్టడం మీరే నేర్చుకోవచ్చు. ఆ రెండూ ఆపకుండా చేస్తుంటే బోరింగు ఎక్కువ కాలం పనిచేస్తుంది.

పది ఇళ్ళవాళ్ళు కలిసి డబ్బులు వేసుకోండి. ఏ సైజు కొనాలో మెకానిక్కును అడగండి. ఒక డబ్బా పెట్టండి. మార్కాపురం పలకల ఊరు కదా! ఒక పలక తెచ్చి ఇలా రాయండి:

వాషర్లు – 2
నట్లు, బోల్టులు – 6
గ్రీజు డబ్బా – 1
స్పానర్లు – 2

ఒకటి తీస్తే ఆ అంకె మార్చండి. తక్కువైంది వెంటనే తెప్పించండి. పడవలో కూడా ఇలాంటి పట్టీ ఉంటుంది. పట్టీ లేని పెట్టెలో వస్తువు ఉన్నా, అవసరానికి దొరకదు.

మీకు ఇప్పుడు రాయడం వచ్చు. ఆ పలక మీద మొదటి మాట ఎవరు రాస్తారు?