బొమ్మ వేయడం వెట్టి కాదు

(దళిత యువ చిత్రకారుల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



బొమ్మ ఎట్లా వేయాలో ఈ శిబిరంలో మీరు నేర్చుకుంటున్నారు. నాకిచ్చిన అంశం వేరు. వేసిన బొమ్మతో బతకడం ఎట్లా? ఈ పనిలోకి దిగేవాడు మొదటి అడుగు ఎక్కడ వేయాలి? నేను మూడే మాటలు చెబుతాను. కూలి, పేరు, హక్కు. ఈ మూడూ గొప్ప ఆర్టిస్టు అయ్యాక అడిగేవి కావు. మొదటి బొమ్మ నుంచే అడగాల్సినవి.

ముందు ఒక లెక్క చూద్దాం. మన సభ ఒకటి జరుగుతుంది. షామియానాకు కిరాయి ఇస్తాం. మైకు సెట్టుకు ఇస్తాం. ఆటోలకు డీజిలు పోయిస్తాం. రాత్రంతా మేలుకుని గోడ మీద రాతలు రాసి, బాబాసాహెబ్ బొమ్మ వేసిన కుర్రాడికి ఏమిస్తాం? టీ ఇస్తాం. భుజం తడతాం. "మనవాడే గదా" అంటాం. షామియానా వాడు మనవాడు కాదు కాబట్టి వాడికి డబ్బు. వీడు మనవాడు కాబట్టి వీడికి టీ! ఇదేం న్యాయం?

వెట్టి అంటే ఏంటి? కూలి ఎంతో, అసలు ఇవ్వాలో వద్దో చేయించుకునేవాడే తేల్చడం. చేసేవాడికి కాదనే వీలు లేకపోవడం. మన తాతలు దొరల గడపల్లో చేసింది అదే. "ఈ పోస్టరు నేను ఊరకే వేసిస్తాను" అని ఆర్టిస్టు తన నోటితో అంటే అది విరాళం. అతన్ని అడక్కుండానే ఊరకే వేస్తాడులే అనుకుంటే అది వెట్టి. ఉద్యమం పేరుతో చేయించినా వెట్టి వెట్టే.

ఇక పేరు సంగతి. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత మన కవులు లేచారు. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. ఆ కవుల పేర్లు మీకు తెలుసు, పాటగాళ్ళ పేర్లూ తెలుసు. మీ పల్లెలో గోడ మీద నీలం సూటు వేసుకుని, చేతిలో పుస్తకం పట్టుకుని, వేలెత్తి నిలబడ్డ అంబేద్కర్ బొమ్మ ఉంది. అది ఎవరు వేశారు? చెప్పగలరా? ఆ బొమ్మకు దండలు వేస్తాం, గీసిన చేతిని మర్చిపోతాం.

రాజ్యాంగం మూల ప్రతిని చేతితో రాసింది ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా. ఆయన డబ్బు వద్దన్నాడనీ, ప్రతి పేజీలో తన పేరు ఉండాలని అడిగాడనీ చెబుతారు. పేజీల అడుగున ఆ పేరు ఇప్పటికీ కనబడుతుంది. చూశారా, కూలి వదులుకోగలిగిన మనిషి కూడా పేరు వదులుకోలేదు. రెండూ లేని మనం ఎందుకు వదులుకోవాలి?

ఆ ప్రతికి బొమ్మలు వేసింది నందలాల్ బోస్, ఆయన శాంతినికేతన్ శిష్యులు. బుద్ధుడు ఉన్నాడు, అశోకుడు ఉన్నాడు, అక్బరు, శివాజీ, టిప్పు, ఝాన్సీ లక్ష్మీబాయి, గాంధీ, సుభాష్ బోస్ ఉన్నారు. ఫూలే లేడు. ముసాయిదా కమిటీకి అధ్యక్షుడైన అంబేద్కరూ లేడు. కుంచె ఎవరి చేతిలో ఉంటే చరిత్రలో ఎవరు కనబడాలో వాళ్ళే తేలుస్తారు.

ఇంకో ముచ్చట. రాజ్యాంగమనే నత్త మీద అంబేద్కర్ కూర్చుంటే వెనక నెహ్రూ కొరడా ఎత్తినట్టు 1949లో శంకర్ కార్టూన్ వేశాడు. అది ఎన్.సి.ఇ.ఆర్.టి. 11వ తరగతి పుస్తకంలో ఉందని 2012లో పెద్ద గొడవ అయింది. కొందరు హాస్యం తెలియదా అని మననే గద్దించారు. మన తెలుగు కార్టూనిస్టు ఉన్నమతి శ్యామసుందర్ వాదించి ఊరుకోలేదు. 1932 నుంచి 1956 దాకా ఇంగ్లీషు పత్రికల్లో అంబేద్కర్ మీద వచ్చిన కార్టూన్లు ఏరి, ఒక్కోదాన్ని విప్పి చూపిస్తూ 2019లో పుస్తకం తెచ్చాడు. బొమ్మ గీయడమే కాదు, బొమ్మ చదవడం కూడా మన పనే.

సరే, ఎట్లా మొదలుపెట్టాలి?

ఖరీదైన సామాను లేదని ఆగొద్దు. పెన్సిలు, తెల్ల కాగితం, నల్ల ఇంకు, ఒక బ్రష్షు చాలు. ఫొటోలు చూసి కాపీ కొట్టడం తగ్గించండి. బస్టాండులో కూర్చోండి, సంతలో నిలబడండి. నాటు వేసే చెయ్యి, చెప్పు కుట్టే వేళ్ళు, డప్పు కాచే మనిషి కూర్చున్న తీరు చూసి గీయండి. తెలుగు వారపత్రికల కథల బొమ్మల్లో తెల్లటి బుగ్గలు, చేపకళ్ళు ఏళ్ళ తరబడి చూశాం. మన మనిషి వస్తే వంగిన నడుము, చిరుగు గుడ్డ. మీరు కూడా అదే గీస్తే ఏం లాభం? మన అమ్మ నవ్వడం గీయండి. మన పిల్ల సైకిలెక్కి కాలేజీకి పోవడం గీయండి.

తర్వాత 12 బొమ్మలు తయారు చేసుకోండి. కథలకు 4, పుస్తకం అట్టలకు 3, పోస్టర్లు 2, కార్టూన్లు 2, పిల్లల పుస్తకానికి 1. పూర్తయినవే ఉండాలి, బాగున్నవే ఉండాలి. ఎడిటరు మీ 12 బొమ్మల్లో బలహీనమైనదాన్ని పట్టుకుంటాడు. ఏ పత్రికకు పోతున్నారో దాని పాత సంచికలు ముందే తిరగేయండి. "దళిత బొమ్మ ఉంటే పిలుస్తాం" అని పంపేస్తే తలూపి రావొద్దు. సైన్సు పాఠంలో కప్పను కూడా నేను గీయగలనని చెప్పండి.

అచ్చు సంగతి తెలుసుకోండి. అమెరికాలో ఎమరీ డగ్లస్ అని నల్లజాతి చిత్రకారుడు. కుర్రతనంలో జైలు లాంటి సంస్కరణ బడిలో వేస్తే అక్కడి ప్రింటింగు షాపులో పని పట్టుకున్నాడు. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ కాలేజీలో కమర్షియల్ ఆర్టు చదివాడు. 1967 నుంచి బ్లాక్ పాంథర్ పత్రికకు బొమ్మలు వేశాడు. రంగులకు డబ్బు లేదు. నలుపు, దానికి తోడు ఇంకో రంగు, అంతే. దాంట్లోంచే లావు గీతల బొమ్మ పుట్టింది, దూరం నుంచి చూసినా తగులుతుంది. 1972లో బొంబాయిలో మన దళిత పాంథర్లు పేరు తీసుకున్నది ఆ పార్టీ నుంచే. పేరు తీసుకున్నట్టే ఆ పని కూడా నేర్చుకుందాం.

ఇప్పుడు కూలి. మీ ఊళ్ళో తాపీమేస్త్రీకి రోజుకు 1,000 రూపాయలు అనుకోండి. అట్టబొమ్మకు మీకు 3 రోజులు పట్టింది, అంటే 3,000. కాగితం, రంగులు, స్కానింగు, చార్జీలు కలిపి 500. మొత్తం 3,500. ఇది లాభం కాదు, ఒట్టి కూలి. ఇంతకు తగ్గితే మీ ఇంట్లోవాళ్ళ అన్నం మీరు పబ్లిషరుకు పెడుతున్నట్టు లెక్క. పని మొదలుపెట్టకముందే ధర చెప్పండి, సగం అడ్వాన్సు అడగండి. ఎన్నిసార్లు దిద్దిస్తారో కూడా ముందే తేల్చుకోండి. "ముందు వెయ్యి, నీకు పేరొస్తుంది" అనేవాడు కాగితం కొట్టువాడికి కూడా పేరే ఇస్తున్నాడా అని అడగండి.

హక్కు. 1957 కాపీరైటు చట్టం చదివి తీరాలి. ఉద్యోగంలో ఉండి వేసిన బొమ్మ, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదవుతుంది. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగు, పోర్ట్రెయిటు కూడా ఒప్పందం లేకపోతే వేయించుకున్నవాళ్ళదే. కాబట్టి కాగితం ముఖ్యం. కాపీరైటు రాసివ్వడం రాతపూర్వకంగా, సంతకంతోనే చెల్లుతుందని 19వ సెక్షన్ చెబుతుంది. ఎన్నేళ్ళో రాయకపోతే 5 ఏళ్ళే. 57వ సెక్షన్ ప్రకారం హక్కు అమ్ముకున్నా ఇది నా బొమ్మ అని చెప్పుకునే హక్కు పోదు. ఒక్క పేజీ చాలు: ఏ బొమ్మ, ఎంత సైజు, ఎక్కడ వాడతారు, ఎంత డబ్బు, ఎప్పుడిస్తారు, పేరు ఎక్కడ వేస్తారు, ఒరిజినల్ ఎవరిది. అంబేద్కర్ మనకు ఇచ్చింది రాసుకున్న చట్టం. నోటిమాటను నమ్ముకుని బతికిన రోజుల్లో మనకు దక్కింది ఏమీ లేదు.

బొమ్మ ఒక్కదానితో మొదటి రోజే ఇల్లు గడవదు. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు రాయండి. డి.టి.పి. నేర్చుకోండి. అది చిన్నతనం కాదు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసేవాళ్ళ పని పోగొట్టాయి. ఇప్పుడు మాట చెబితే బొమ్మ గీసే యంత్రాలూ వచ్చాయి. వాటి దెబ్బ ఉంటుంది, లేదని నేను అబద్ధం చెప్పను. అయితే ఆ యంత్రం లోకం ఇప్పటికే గీసిపెట్టిన దాన్ని నూరి ఇస్తుంది. మన పల్లెను లోకం ఎంత గీసింది గనక? ఆ ఖాళీ మీది. మీరు చూసి గీస్తేనే అది నిండుతుంది.

చివరిగా పెద్దలకు. సభ ఖర్చుల చిట్టాలో మైకు కింద బొమ్మకు ఒక గీత గీయండి. 500 అయినా రాయండి. ఈ పత్రికవాళ్ళకు కూడా చెబుతున్నాను. డబ్బు లేకపోతే లేదని ముందే చెప్పండి, ఆర్టిస్టు ఒప్పుకుంటేనే తీసుకోండి, పేరు వేయండి, ఒరిజినల్ తిరిగివ్వండి. భూమికి కూలి రేటు కోసం కొట్లాడిన ఉద్యమం బొమ్మకు కూలి ఎగ్గొట్టకూడదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇవ్వాళ మీరు గీసే బొమ్మ కింద మూలన మీ పేరు రాయండి. తేదీ వేయండి. తర్వాతే ఎవరి చేతిలోనన్నా పెట్టండి.

జై భీమ్!