వప అను తలారి



స్నాతకోత్సవ వేదిక నెక్కినవాడు హితోపదేశము చేయక దిగుట సంప్రదాయవిరుద్ధమని నే నెఱుగుదును. అయినను అట్టి హితవులను మీ రీపాటికే పుష్కలముగా విని యుందురు గనుక, చిట్టెలుక కడుపులోని యొక క్రొవ్వుపొర వృత్తాంతమును మాత్రమే విన్నవింప దలచితిని.

జఠరమునుండి ప్రేవులమీదికి తెరవలె వ్రేలాడు ఆ పొరను సంస్కృతమున వప యందురు. యజ్ఞపశువు వపను వేరుచేసి హోమ మొనర్చిన యాజ్ఞికులకు దాని ఆకృతి చక్కగా తెలియును. దాని ప్రయోజనము మాత్రము వైద్యులకు సైతము చిరకాలము అంతుచిక్కలేదు. 1874లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రాన్వియే ఆ క్రొవ్వునడుమ తెల్లని చుక్కలను గాంచి పాలమచ్చలని పేరిడెను. 1906లో రథర్‌ఫర్డ్ మోరిసన్ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు, ఉదరమున ఎచ్చట చిల్లి పడినను ఈ పొర అచ్చటికి చేరి అంటుకొనుట చూచి, దానిని ఉదరమునకు పోలీసు అనెను. మన పల్లెలలోనైన తలారి యందుము.

ఆ పాలమచ్చలలో కాపురముండు కణము లెట్టివి? శత్రువును స్థూలలక్షణములచే పోల్చి తత్క్షణమే పైబడు కణము లొక తెగ. ఒక్కొక్క శత్రువును విడివిడిగా గుర్తించుటకు దినములకొలది వ్యవధి గొని, పిదప మరువనివి వేరొక తెగ. పుట్టుకచే రెండవ తెగకు చెందియు, నడవడిచే మొదటి తెగను పోలిన మూడవ వర్గ మొకటి ఈ రెంటి నడుమ కలదు. స్టాన్‌ఫర్డ్‌లో హెర్జెన్‌బర్గ్ దంపతుల ప్రయోగశాలయందు క్యోకో హయకావా 1983లో చిట్టెలుకలలో వర్ణించిన కణములు, నేడు బీ-1 అనబడునవి, ఈ వర్గములోనివే. ఉదరకుహరము వీనికి ముఖ్యనివాసము. ఏ సూక్ష్మజీవియు సోకకుండ పెంచిన ఎలుకలలో సైతము ఇవి ప్రతిరక్షకములను స్రవించుచునే యుండును.

వీనికి చక్కెరల గుర్తింపు సహజవిద్య. ఆరోగ్యవంతమైన కణముపై చక్కెరల గొలుసు నిడుపుగా నుండును. అనేక అర్బుదములలో ఆ గొలుసు పూర్తిగా అల్లబడక, మొదటి పూసతోనే నిలిచిపోవును. దానికే టీఎన్ అని పేరు. పీడీ-1 అను పగ్గమును తొలగించిన ఎలుకలలో ఈ గుర్తునకు ప్రతిరక్షకములు మిక్కుటముగా పుట్టి, ఆ గుర్తు గల కంతులనుండి ఎలుకలను కాపాడెను. సేన పుట్టుకతోనే సిద్ధముగా నున్నను, దానిని వెనుకకు లాగి పట్టిన చేయి యొకటి కలదన్నమాట.

అయితే ఈ తలారి కథలో నన్ను చిరకాలము కలవరపెట్టిన భాగము వేరు. చిట్టెలుక ఉదరములోనికి అండాశయపు అర్బుదకణములను ఎక్కించినచో, అవి కొలది గంటలలోనే వెదకికొని చేరునది ఆ పాలమచ్చలనే. చేరి, చుట్టునున్న క్రొవ్వునే ఆహారముగా గొని పెరుగును. దొంగ నేరుగా తలారి యింటికే పోయి, వాని వంటయింటిలోనే భుజించి బలిసినట్లున్నది! స్త్రీలలోను ఈ వ్యాధి వపకు ప్రాకుట సర్వసామాన్యము. కావుననే శస్త్రవైద్యులు అండాశయములతోపాటు వపను గూడ కోసి తీయుదురు. దొంగతోడనే కావలివాడును పోవుచున్నాడు.

ఎలుకలో తేలినదెల్ల మనుష్యునకు చెల్లునని నేననను. మానవులలో బీ-1 కణము లెవ్వి యన్న ప్రశ్నపైననే పండితులకు ఇంకను ఏకాభిప్రాయము కుదరలేదు. ఆ తగవు తీరవలెనన్న పరీక్షింపవలసినది మానవుని వపనే గాని, మరికొన్ని వేల ఎలుకలను గాదు.

కావున మీలో శస్త్రశాలకు పోవువారికి నా మనవి యొక్కటే: వపను కోసి తీసిననాడు, రోగనిర్ణయమునకు పోగా మిగిలిన తునకను రోగి సమ్మతితో, అది చల్లారకమునుపే, ప్రయోగశాలలోని మీ సహాధ్యాయికి పంపుడు.