కొలువా, పరిహారమా?
(టికియాపారాలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



హౌరాలో ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కితే మొదట వచ్చే స్టేషన్ మన టికియాపారా. పక్కనే కార్ షెడ్. పూర్వం బెంగాల్ నాగపూర్ రైల్వేగా ఉన్న ఈ లైను ఉత్తరాంధ్ర నుంచి, గంజాం నుంచి వచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలకు అన్నం పెట్టింది. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో మనుషుల్ని తగ్గించబోతే ఎదురు నిలిచిన నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. ఉద్యోగం ఊడగొట్టడం గురించి మాట్లాడటానికి ఇంతకంటే తగిన చోటు లేదు.

1981లో రైల్వే లోకో రన్నింగ్ స్టాఫ్ సమ్మె చేశారు. సమ్మెలో ఉన్నవాళ్లను రైల్వే క్రమశిక్షణ నియమాల్లోని 14(2) రూలు కింద డిస్మిస్ చేశారు. ఆ రూలు ప్రకారం, విచారణ జరపడం వీలుకాదని అధికారి కారణం రాస్తే చాలు, ఇక విచారణ ఉండదు. వాళ్ల వ్యాజ్యాలు సాగి సాగి, 1993లో సుప్రీంకోర్టు ‘యూనియన్ ఆఫ్ ఇండియా - ఆర్. రెడ్డప్ప’ కేసులో తేల్చింది. అందరినీ మూడు నెలల్లో తిరిగి కొలువులోకి తీసుకోవాలంది. మూడేళ్ల జీతం, కరువు భత్యంతో సహా, పరిహారంగా ఇవ్వాలంది. రిటైరైనవాళ్లకూ అది దక్కాలంది. చనిపోయినవాళ్ల కుటుంబాలకూ దక్కాలంది. మధ్యకాలాన్ని పింఛను లెక్కకు కలిపింది గానీ, ప్రమోషన్లు మాత్రం లేవంది.

ఈ తీర్పు నాకు ఎంతో ఇష్టం. కొలువు, పరిహారం ఒకదానికొకటి బదులు కావని ఇందులో కనిపిస్తుంది. పన్నెండేళ్లు పోయినచోట మూడేళ్ల జీతం వచ్చింది. మిగతా కాలంలో క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చినవాడికి, పాసు, రైల్వే ఆసుపత్రి రెండూ పోయినవాడికి ఆ డబ్బు ఏ మూలకు? అయినా కొలువు తిరిగొచ్చింది కాబట్టి తప్పు తనది కాదని వీధిలో తలెత్తి చెప్పుకోగలిగాడు. ఆ పని పరిహారం చెక్కు వల్ల కాదు.

అంతకు ముందే, 1980లో స్టేట్ బ్యాంకు తాత్కాలిక ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఇదే దారిన ఆలోచించారు. చట్టవిరుద్ధంగా తీసేశారని తేలాక, మామూలుగా మళ్లీ ఉద్యోగంలో పెట్టడమే న్యాయమన్నారు. సంస్థే మూతపడటం లాంటి సందర్భాలను మినహాయింపుగా ఉంచారు. అది సబబే. మూతపడ్డ మిల్లు గేటు ముందు నిలబడి ఎవరినీ ఉద్యోగంలోకి తీసుకోమనలేం.

ఆ తర్వాత గాలి మళ్లింది. 2009లో జగ్బీర్ సింగ్ కేసులో, చట్టం కోరిన 240 రోజులు పైబడి పనిచేసిన దినకూలీకి మళ్లీ ఉద్యోగం ఇవ్వకుండా సుప్రీంకోర్టు 50,000 రూపాయలతో సరిపెట్టింది. దినకూలీకి శాశ్వత ఉద్యోగి హక్కులుండవన్న వాదన నాకు అర్థమవుతుంది. కానీ అంత తక్కువకు తెగిపోతుందని తెలిస్తే, చట్టం పాటించాలని యజమానికి ఎందుకనిపిస్తుంది?

హౌరా బెలీలియస్ రోడ్డులో రోజుకు 500 రూపాయలకు లేత్ మీద ఎనిమిదేళ్లు పనిచేసిన మనిషిని ఊహించండి. చట్టం వర్తించే షెడ్డే అనుకుందాం. 2025 దాకా పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ సెక్షన్‌గా ఉన్న నియమం ప్రకారం ఏడాదికి 15 రోజుల సగటు జీతం, అంటే 120 రోజులది, 60,000 రూపాయలు. దానికి తోడు నెల నోటీసు, లేదా నెల జీతం. ఇది పద్ధతి ప్రకారం తీసేసినప్పటి బాకీ. పద్ధతి తప్పి తీసేసిన కేసులోనూ దీని చుట్టుపక్కలే మొత్తం తేలితే, తప్పు చేసినవాడికి నష్టమేం జరిగినట్టు?

పదేళ్లు వాయిదాలకు తిరిగినవాడు నాకు డబ్బే ఇవ్వండి అంటే కాదనే హక్కు మనకు లేదు. ఊరికి పోయి కొట్టు పెట్టుకోవచ్చు, మళ్లీ ఆ మేస్త్రీ ముఖం చూడలేకపోవచ్చు. నేను అడిగేది ఒక్కటే. సంస్థ నడుస్తూ, తొలగింపు తప్పని తేలినప్పుడు, కొలువు కావాలో డబ్బు కావాలో ముందు కార్మికుడినే అడగాలి. డబ్బే అంటే, అది ఇంకా మిగిలిన సర్వీసు చూసి కట్టాలి.

గెలిచిన తర్వాత కూడా ఆలస్యం ఉంది. యజమాని హైకోర్టుకు వెళ్తే, 1984లో ఆ చట్టంలోనే 17బి సెక్షన్‌గా అమల్లోకి వచ్చిన నియమం కింద, వేరే పనిలేని కార్మికుడికి చివరిసారి అందుకున్న జీతం ఇస్తూ ఉండాలి. చివరిసారి అంటే తీసేసిన నాటి జీతం. ఈనాటి బియ్యం కొనాలన్నా, ఈనాటి ఇంటద్దె కట్టాలన్నా ఆ జీతంతోనే. కనీసం ఆ లెక్కనైనా నేటి ధరలకు సరిచేయమని మనం పట్టుబట్టాలి.