మిచిగన్ అడవిలో సరస్సు గట్టున రెండు రాత్రులు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి వచ్చిన వారు నయాగరా జలపాతం గురించి, వాషింగ్టన్ నగరం గురించి చెప్పగా మీరందరూ వినే ఉన్నారు. అవి నేనూ చూశాను గాని ఈ రోజు వాటి జోలికి పోను. కార్యదర్శి గారు నాకు ఇచ్చిన కొద్ది సమయాన్నీ మిచిగన్ రాష్ట్రం ఉత్తర భాగంలో ఒక సరస్సు పక్కన గుడారంలో గడిపిన రెండు రాత్రులకూ, ఆ అడవి పుట్టుపూర్వోత్తరాలకూ వినియోగిస్తాను. తాలూకా ఆఫీసులో చేరి మండల ఆఫీసులో రిటైరైన వాణ్ణి కనుక నా చూపు భూమి మీదా, శిస్తు మీదా, రశీదుల మీదా పోతుంది. మన్నించండి.

మా అబ్బాయి డెట్రాయిట్ దగ్గర ఉంటాడు. 2023 ఆగస్టులో వాళ్ళు క్యాంపింగుకు బయలుదేరుతూ మమ్మల్ని ఇంట్లో ఉండమన్నారు. "అక్కడ కరెంటుండదు, కుళాయి ఉండదు, ఫోను పలకదు. మీకు కష్టం నాన్నా" అన్నాడు. నాకు అప్పటికి డెబ్బై మూడు. బి.పి., షుగరు రెండూ ఉన్నాయి. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. వాడి భయంలో న్యాయం ఉంది. కాని మా ఆవిడ "కరెంటూ కుళాయీ లేని ఇంట్లోనే నిన్ను పెంచానురా" అని ఒక్క మాట అనేసి సంచీ సర్దడం మొదలుపెట్టింది. ఆపై ఎవరూ మాట్లాడలేదు.

పిల్లల మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు. అయితే ఆరు నెలలు అక్కడ ఉండే తల్లిదండ్రులు ఎక్కడికి రాగలరో, ఎక్కడికి రాలేరో పిల్లలే నిర్ణయించేయడం ఈ రోజుల్లో రివాజు అయింది. మన ఒంటి సంగతి మనకూ కొంత తెలుసు. అడిగితే చెబుతాం గదా!

మనకు క్యాంపు అంటే అధికారి గారు ఊళ్ళ మీదికి వెళ్ళడం, వెనకాల మనం టి.ఏ. బిల్లు తయారు చేయడం. అక్కడ క్యాంపు అంటే సొంత ఖర్చుతో అడవిలో పడుకోవడం. డెట్రాయిట్ నుంచి ఉత్తరంగా దాదాపు 330 కిలోమీటర్లు వెళితే గ్రేలింగ్ అనే చిన్న ఊరు వస్తుంది. ఆ చుట్టుపక్కల రాష్ట్ర ప్రభుత్వపు అడవిలో, సరస్సుల ఒడ్డున, నదుల ఒడ్డున ఇలాంటి మకాములు ఉన్నాయి. మేము దిగింది షుపాక్ సరస్సు దగ్గర. చెట్ల మధ్య చదును చేసిన స్థలం, ఒక బల్ల, నిప్పు వేసుకోవడానికి ఇనుప చుట్టు. ఇంతే సరంజామా. నీళ్ళకు చేతి పంపు, అచ్చం మన ఊళ్ళ బోరింగే. మా ఆవిడ దాన్ని చూసి సంతోషించి, కోడలికి కొట్టడం నేర్పింది. మరుగుదొడ్డి గుంట రకం, నీళ్ళ తొట్టి ఉండదు. అయితే కూర్చునే పీట ఎత్తుగా ఉంటుంది కనుక మోకాళ్ళ వారికి ఇబ్బంది లేదు.

నన్ను ఆకట్టుకున్నది వసూలు పద్ధతి. అక్కడ గుమాస్తా లేడు, కిటికీ లేదు. ప్రవేశం దగ్గర ఒక పెట్టెలో కవర్లు ఉంటాయి. పేరు, కారు నంబరు, ఎన్ని రాత్రులు అన్నది మనమే రాసి, నగదో చెక్కో అందులో పెట్టి, నేలలో పాతిన ఇనుప గొట్టంలో వేయాలి. చించుకున్న ముక్క మన స్థలం దగ్గర గుంజకు తగిలిస్తే అదే రశీదు. మేము వెళ్ళినప్పుడు రాత్రికి 20 డాలర్లు. కారుకు రాష్ట్రం వారి ఏడాది ప్రవేశపు చీటీ వేరే ఉండాలి. ముందు వచ్చిన వారిదే స్థలం, సిఫార్సు పనికిరాదు. ఇలాంటి మకాములకు దూరంగా, అడవిలో మరోచోట గుడారం వేసుకుంటే రుసుమే లేదు, ఒక కార్డు నింపి అక్కడ తగిలిస్తే చాలు. ముప్ఫై ఆరేళ్ళు చలానాలు సరిచూసిన నాకు ఆ గొట్టం ముందు నిలబడితే ముచ్చటేసింది.

ఇప్పుడు ఈ అడవి ఎవరిది, ఎలా వచ్చింది అన్నది వినండి. ఇది ఆదికాలపు అడవి కాదు. అసలు హక్కుదారులు అనిషినాబే జాతి ప్రజలు. 1836 నాటి ఒడంబడికలో ఈ ప్రాంతమంతా అమెరికా ప్రభుత్వానికి దఖలు పడింది. తరువాత కలప వర్తకులు వచ్చారు. తెల్ల పైన్ అనే మహావృక్షాలను కొట్టి, నదుల్లో తేలవేసి, మిల్లులకు చేర్చారు. 1900 నాటికి ఆ చెట్లు దాదాపు అయిపోయాయి. మిగిలిన కొమ్మా రెమ్మా ఎండి, పెద్ద పెద్ద అగ్నిప్రమాదాలు జరిగాయి. ఆ బూడిద నేలను వ్యవసాయానికి అమ్మారు. ఇసుక నేల, చలి ఎక్కువ, పంట కాలం తక్కువ. పంట రాలేదు, రైతులు పన్ను కట్టలేకపోయారు, భూమి వదిలి వెళ్ళిపోయారు. బకాయి కింద వేలానికి పెడితే పాడేవాడు లేడు. అలా లక్షల ఎకరాలు రాష్ట్ర ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. మన భాషలో చెప్పాలంటే, రిమార్కుల కాలంలో బీడు అని రాసి వదిలేసే భూములు.

మొదట వాటిని ఎలాగైనా తిరిగి అమ్మాలనే చూశారు. అయితే 1903లో గ్రేలింగ్ ఉన్న క్రాఫర్డ్ కౌంటీలోనూ, పక్కనున్న రాస్‌కామన్ కౌంటీలోనూ కొంత భూమిని అడవికని కేటాయించారు. అక్కడి నుంచి మొదలైనది ఇప్పుడు రాష్ట్రం మొత్తం మీద 40 లక్షల ఎకరాలకు కాస్త తక్కువ. ఈ భూముల మీద స్థానిక సంస్థలకు రావలసిన పన్నుకు బదులు రాష్ట్ర ప్రభుత్వమే కొంత సొమ్ము చెల్లిస్తుంది. ఆ పద్దు సంగతి వినగానే, ఎవరో మనవాడే రాసి ఉంటాడనిపించింది.

మొక్కలు నాటిన వారి సంగతి చెప్పకుండా ఉండలేను. 1933లో రూజ్వెల్టు ప్రభుత్వం నిరుద్యోగ యువకుల కోసం ఒక దళం పెట్టింది. 1942 వరకు అది నడిచింది. ఒక్క మిచిగన్‌లోనే వారు 48 కోట్లకు పైగా మొక్కలు నాటారు. నెలకు జీతం 30 డాలర్లు, అందులో 25 ఇంటికి పంపి తీరాలి. చేతికి వచ్చేది అయిదు. మొదటి ఉద్యోగంలో జీతం రాగానే మనియార్డరు ఫారం నింపిన వారు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. మా గుడారం వెనకనున్న పైన్ చెట్లు కొన్ని గీత గీసినట్టు వరసగా నిలిచి ఉన్నాయి. అడవి అలా వరసల్లో పుట్టదు, ఎవరో నాటినవే.

కొట్టకుండా మిగిలిన పాత చెట్లు చూడాలంటే గ్రేలింగ్ పక్కనే హార్ట్‌విక్ పైన్స్ ఉద్యానం ఉంది. 1927లో కారెన్ హార్ట్‌విక్ అనే ఆమె భర్త జ్ఞాపకార్థం రాష్ట్రానికి ఇచ్చినది. పాత చెట్లున్న భాగం 49 ఎకరాలు మాత్రమే. తలెత్తి చూస్తే కండువా జారిపోతుంది.

రాత్రి సంగతి. ఆగస్టులో రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. తరువాత నక్షత్రాలు. లూన్ అనే నీటిపక్షి సరస్సు మధ్య నుంచి కూస్తుంది, చంటిపిల్ల ఏడ్చినట్టూ, ఎవరో నవ్వినట్టూ. మొదటిసారి విని మా ఆవిడ ఆంజనేయ దండకం అందుకుంది. రెండో రాత్రి అదే కూత కోసం ఇద్దరం నిద్ర మానుకుని కూర్చున్నాం. పెళ్ళయిన యాభై ఏళ్ళలో ఏ పనీ లేకుండా, ఎవరి కోసమూ ఎదురుచూడకుండా అలా కూర్చున్నది ఎప్పుడో నాకు గుర్తు లేదు.

ఇక వెళ్ళదలచిన వారికి నాలుగు మాటలు. నేల మీద పరుపులు వద్దు. పడుకోవడం తేలికే, లేవడమే కష్టం. మడతమంచం తీసుకెళ్ళండి. ఆగస్టులో కూడా తెల్లవారుజామున చలి గట్టిగా ఉంటుంది, స్వెట్టరు, మంకీ క్యాపు మరవకండి. రాత్రి లేవవలసిన వారు టార్చి, చేతికర్ర మంచం పక్కనే ఉంచుకోవాలి, వేర్లు తగిలి పడతారు. ఇన్సులిన్ వాడేవారు మంచు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టెలో ఉంచండి. నల్ల ఎలుగుబంట్లు ఉన్న అడవి అది. పచ్చడి సీసా దగ్గర నుంచి తినుబండారాలన్నీ రాత్రి కారులో పెట్టి తాళం వేయాలి. కట్టెలు ఇంటి దగ్గర నుంచి మోసుకుపోకూడదు. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఒక పచ్చ పురుగు కట్టెలతో పాటు ప్రయాణం చేసి యాష్ చెట్లను కోట్ల సంఖ్యలో చంపింది. అక్కడికి దగ్గరలోనే కొనుక్కోండి. నిప్పు మీద నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోయాలి. మేము వెళ్ళిన ఏడాదే జూన్‌లో గ్రేలింగ్ దగ్గర ఒక నెగడు నుంచి అంటుకుని రెండు వేల ఎకరాలకు పైగా కాలిపోయింది.

అన్నిటికంటే ముఖ్యం వైద్యం. మన హెల్త్ కార్డు అక్కడ చెల్లదు. డెబ్బై దాటిన వారికి ప్రయాణ బీమా ప్రీమియం ఎక్కువ, పాత జబ్బులు చాలా పాలసీల్లో చేరవు. టికెట్టు కొనక ముందే షరతులు చదివించుకోండి. అడవిలోకి వెళ్ళే ముందు దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో, ఫోను ఎక్కడి నుంచి పలుకుతుందో అబ్బాయిని అడిగి, మకాము పేరు, స్థలం నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. గుండె ఆపరేషను ఈమధ్యనే అయినవారు, మూర్ఛలు వచ్చేవారు మాత్రం డాక్టరు గారు సరే అంటేనే వెళ్ళాలి.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఫోటోలు తెచ్చాను, టీ విరామంలో చూపిస్తాను. బోరింగు కొడుతున్న ఫోటో మాత్రం మా ఆవిడ దగ్గర ఉంది, ఆవిడనే అడగాలి. సెలవు.