అడగాల్సిన మాట, దాచాల్సిన మాట

మామిడి కోతల రద్దీలో పని మానుకుని వచ్చి ఈ పందిరి కింద కూర్చున్న తల్లిదండ్రులకు నమస్కారం. ఈ రోజు పట్టాలు అందుకుంటున్న నర్సింగ్ విద్యార్థులకు, కంటి పరీక్షలు నేర్చుకున్నవాళ్ళకు, ల్యాబ్ టెక్నీషియన్లకు హృదయపూర్వక అభినందనలు.

పండగలాంటి ఈ పూట నేను సిఫిలిస్ గురించి, అది కంటికి చేసే హాని గురించి మాట్లాడబోతున్నాను. ముందు వరసలో ఉన్న పెద్దలకు ఇబ్బందిగా అనిపిస్తే మన్నించాలి. రేపు డ్యూటీలో చేరాక ఈ పిల్లల్ని కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. మన పెద్దవాళ్ళు గొంతు తగ్గించి సవాయి అన్న ఈ జబ్బుకు పరీక్ష ఉంది, మందు ఉంది. రెండూ ఖరీదైనవి కావు. అయినా దీనివల్ల చూపు పోగొట్టుకునేవాళ్ళు ఉన్నారంటే, సకాలంలో అడిగే మనిషి వాళ్ళకు తగల్లేదని అర్థం.

నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, చాట్రాయి, ముసునూరు చుట్టుపక్కల పనిచేసే కంటి వైద్యులకు ఎండాకాలం ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంటుంది. ఈ ప్రాంతంలో కన్ను ఎర్రబడడానికి కారణం వెతకక్కర్లేదు, సిద్ధంగా ఉంటుంది. కాయ కోస్తుంటే తొడిమ దగ్గర చిమ్మిన సొన కంట్లో పడుతుంది. చిక్కం కర్ర తగిలి విరిగిన ఎండుపుల్ల గుచ్చుకుంటుంది. మందు కొడుతుంటే గాలి తిరిగి మొహాన కొడుతుంది. అందుకే ఇక్కడ కన్ను ఎర్రబడిన ప్రతి మనిషీ సొన పడిందనే చెబుతాడు. మనమూ అదే చీటీ మీద రాసుకుంటాం.

ఒక సీజన్లో మండీలో కాయలు ఏరే పని చేసే ఒకాయన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి. “సొన పడిందండీ, నెల దాటింది, ఎరుపు పోవట్లేదు” అన్నాడు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న చుక్కలు వేసుకుంటే నాలుగు రోజులు తగ్గుతుందట, ఆపగానే మళ్ళీ వస్తుందట. జేబులోంచి సీసా తీసి చూపించాడు, స్టెరాయిడ్. సొన పడిన కన్ను నెల రోజులు అలాగే ఉండదు, దానివల్ల రెండో కన్ను మసకబారదు. ఈయనకు రెండు కళ్ళూ మసకే. స్లిట్ ల్యాంపు కింద చూస్తే నల్లగుడ్డు మీద గీత కూడా లేదు. దాని వెనకున్న నీటిలో మాత్రం తెల్లకణాలు దుమ్ములా తేలుతున్నాయి. అరచేతులు చాపమన్నాను. రెండింటిలోనూ రాగిరంగు మచ్చలు.

“అమ్మా, మీరు నర్సమ్మతో వెళ్ళి చీటీ రాయించుకుని రండి” అని భార్యను బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి అడిగాను. “బాబాయ్, ఆ మధ్య మూత్రం పోసే చోట నొప్పి లేని పుండేమైనా లేచిందా?”

తల దించుకున్నాడు. “సంక్రాంతి ముందు లేచిందండీ. దానంతటదే మానిపోయింది. మానింది గదాని ఊరుకున్నా.”

సిఫిలిస్ రక్తపరీక్షలు వి.డి.ఆర్.ఎల్., టి.పి.హెచ్.ఎ. రెండూ పాజిటివ్ వచ్చాయి, హెచ్.ఐ.వి. లేదు. పెద్దాసుపత్రిలో చేర్చి పెన్సిలిన్ ఎక్కించారు. తగ్గి తిరిగొచ్చినప్పుడు చార్టులో కింది వరసల దాకా తడుముకోకుండా చదివాడు. భార్యకు ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో కౌన్సెలర్ సాయంతో ఆయనే చెప్పుకున్నాడు. ఆమెకూ పరీక్ష చేసి, అవసరమైన ఇంజెక్షన్ వేశారు.

ఈ జబ్బు నడిచే తీరు మామిడి రైతు బిడ్డలకు తేలిగ్గానే అర్థమవుతుంది. టెంక పురుగును మీరు చూసే ఉంటారు. పిందె మీద గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు లోపలికి తొలుచుకుపోతుంది, తొలిచిన చోటు మానిపోయి పైన మచ్చ కూడా మిగలదు. కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది. ట్రెపొనీమా పాలిడం అనే సన్నటి మెలికల సూక్ష్మజీవి కూడా అంతే. మొదటి పుండు నొప్పి లేకుండా వచ్చి కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. తర్వాత ఒంటిమీద దద్దురు వచ్చి అదీ పోతుంది. ఆపైన ఏళ్ళ తరబడి ఏ బాధా ఉండదు. ఈ దశల్లో ఎప్పుడైనా సరే అది కంట్లోకి చేరవచ్చు.

కంట్లో ఫలానా చోటని నియమం లేదు. ఎక్కువగా కనిపించేది యువియైటిస్, అంటే కంటి లోపలి పొరల వాపు. ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, మసక దాని లక్షణాలు. వాపు వెనక భాగానికే పరిమితమైతే ఎరుపు ఉండదు, నొప్పి ఉండదు, కళ్ళ ముందు నల్లటి చుక్కలు తేలుతుంటాయి, చూపు మాత్రం తగ్గుతుంది. రెటీనా దెబ్బతినవచ్చు. కంటినరం వాచి, చివరికి పాలిపోయి ఎండిపోవచ్చు. వేరే ఎన్నో జబ్బుల వేషం వేస్తుంది కాబట్టే పాతకాలపు వైద్యులు దీన్ని మహా అనుకర్త అన్నారు. అందుకే కారణం తెలియని యువియైటిస్ ఎవరికి వచ్చినా, వాళ్ళ వయసు, హోదా, మర్యాద చూడకుండా సిఫిలిస్ పరీక్ష రాయాలి.

యంత్రాలు లేని చోట కూడా మీరు చూడగలిగిన గుర్తు ఒకటుంది. 1869లో ఎడింబరో కంటి వైద్యుడు డగ్లస్ ఆర్గైల్ రాబర్ట్‌సన్ దాన్ని వర్ణించాడు. టార్చి వేస్తే కంటిపాప ముడుచుకోదు. అదే మనిషి ముక్కు దగ్గరికి మీ వేలు తెచ్చి దాన్ని చూడమనండి, చక్కగా ముడుచుకుంటుంది. పాపలు చిన్నవిగా, అంచులు వంకరగా ఉంటాయి. నరాలదాకా పాకిన సిఫిలిస్‌లో ఇలా కనిపిస్తుంది. మధుమేహంలోనూ ఇలాంటిది అరుదుగా ఉండవచ్చు కాబట్టి గుర్తు కనబడగానే తీర్పు చెప్పకండి, రక్తపరీక్షకు పంపండి.

ల్యాబ్ వాళ్ళతో ఒక మాట. రక్తంలో యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు వి.డి.ఆర్.ఎల్. తప్పుగా నెగెటివ్ చూపించవచ్చు. డాక్టరు అనుమానం గట్టిగా ఉంటే సీరమ్‌ను పలచన చేసి మళ్ళీ చూడండి. బాగా ముదిరిన దశలో కూడా ఈ పరీక్ష నెగెటివ్‌గా ఉండవచ్చు. టి.పి.హెచ్.ఎ. లాంటి రెండో పరీక్ష తోడుంటేనే బొమ్మ పూర్తవుతుంది. మీ బల్ల మీద ఆ ఒక్క గొట్టం మళ్ళీ కలిపినందువల్ల ఒక మనిషి చూపు నిలబడవచ్చు.

నర్సులు గుర్తుపెట్టుకోవాల్సింది మోతాదు. తొలి దశ సిఫిలిస్‌కు బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్కసారి పిర్రకు వేస్తే సరిపోతుంది. కంటికి పాకాక అది చాలదు. నరాల సిఫిలిస్‌కు ఇచ్చినట్టే రోజుకు 1.8 నుంచి 2.4 కోట్ల యూనిట్ల పెన్సిలిన్‌ను రక్తనాళం ద్వారా 10 నుంచి 14 రోజులు ఇవ్వాలి. మొదటి రోజు జ్వరం, చలి వస్తే రోగి మందు పడలేదని భయపడి లేచి వెళ్ళిపోతాడు. సూక్ష్మజీవులు చచ్చేటప్పుడు అలా అవుతుందని ముందే చెప్పి ఉంచండి. అసలు మందు లేకుండా స్టెరాయిడ్ చుక్కలు ఒక్కటే వాడితే ఎరుపు తగ్గి రోగం లోపల పెరుగుతుంది. మన పల్లెల్లో ఎక్కువ నష్టం జరిగేది అక్కడే.

పెన్సిలిన్ మనకు ఊరికే దొరకలేదు. శతాబ్దాల పాటు పాదరసం పట్టించారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాడిన అటాక్సిల్ లాంటి ఆర్సెనిక్ మందుల వల్ల కంటినరం చెడి కొందరు గుడ్డివాళ్ళయ్యారు. 1905లో షౌడిన్, హాఫ్‌మన్ సూక్ష్మజీవిని కనుక్కున్నారు. 1906లో వాసర్‌మన్ రక్తపరీక్ష, 1910లో ఎర్లిక్ సాల్వర్సాన్ వచ్చాయి. 1943లో అమెరికాలో జాన్ మహోనీ పెన్సిలిన్‌తో సిఫిలిస్ నయమవుతుందని నిరూపించాడు. పెన్సిలిన్ పడనివాళ్ళకు కొన్ని దశల్లో ఇచ్చే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి వెల్లడైంది. అది పుట్టిన లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలను నడిపించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఇదంతా పాత చరిత్ర అనుకోకండి. 2014, 2015 సంవత్సరాల్లో అమెరికాలోని సియాటిల్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల్లో కంటి సిఫిలిస్ కేసులు గుంపుగా బయటపడ్డాయి, కొందరికి చూపు పోయింది. 2022లో ప్రపంచవ్యాప్తంగా పెద్దవాళ్ళలో 80 లక్షల కొత్త సిఫిలిస్ కేసులు వచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

పసిపిల్లల సంగతి మరీ ముఖ్యం. తల్లి నుంచి కడుపులోని బిడ్డకు ఈ జబ్బు వస్తుంది. పుట్టినప్పుడు బాగానే ఉన్న బిడ్డకు బడి ఈడులోనో యవ్వనంలోనో నల్లగుడ్డు తెల్లగా మబ్బు పట్టవచ్చు. ఆ మబ్బు, గంటు పడ్డ ముందుపళ్ళు, చెవుడు ఈ మూడూ కలిసి రావడాన్ని పందొమ్మిదో శతాబ్దంలో లండన్ వైద్యుడు జోనథన్ హచిన్సన్ గుర్తించాడు. కంటికి మబ్బు పట్టాక పెన్సిలిన్ ఒక్కదానితో అది వెనక్కి పోదు. అదే గర్భిణికి మొదటి నెలల్లోనే పరీక్ష చేసి ఇంజెక్షన్ వేస్తే బిడ్డకు ఆ రాత తప్పుతుంది. మన పి.హెచ్.సి.లో గర్భిణులకు హెచ్.ఐ.వి.తో పాటు సిఫిలిస్ పరీక్ష చేయాల్సిందే. ఆ గడి ఖాళీగా ఉన్న కార్డు మీ చేతికొస్తే పక్కన పెట్టకండి.

ఈ జబ్బును వెతికి అరికట్టడం మనవల్ల అవుతుందా అని సందేహించేవాళ్ళకు ఒక ఉదాహరణ చెబుతాను. సిఫిలిస్ సూక్ష్మజీవికి దగ్గరి చుట్టం ఒకటి యాస్ అనే చర్మవ్యాధి తెస్తుంది. ఇది లైంగికంగా రాదు, గిరిజన పిల్లల్లో పుండ్లుగా వచ్చేది. ఆంధ్ర ఏజెన్సీలోనూ ఉండేది. 1996లో ఒడిశాలోని కోరాపుట్‌లో మొదలైన కార్యక్రమంలో కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, వెతికి, ఒక్కొక్క పెన్సిలిన్ ఇంజెక్షన్ వేశారు. 2003 తర్వాత కొత్త కేసు లేదు. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని యాస్ లేని దేశంగా ధ్రువీకరించింది. మీలాంటి కార్యకర్తలే, మనకు తెలిసిన పెన్సిలినే. యాస్‌ను సిగ్గుపడి ఎవరూ దాచుకోలేదు కాబట్టి అక్కడ వెతకడం తేలికయింది. ఇక్కడ అదనంగా కావలసింది రోగికి మన మీద నమ్మకం.

ఆ నమ్మకానికి మీ కట్టుబాటే పూచీ. హెచ్.ఐ.వి. రోగుల వివరాలు బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. సిఫిలిస్ రోగి విషయంలోనూ మీరు అంతే గట్టిగా ఉండాలి. ఊరు చిన్నది. మీ బంధువుల ఇంటి పక్కనే రోగి ఇల్లు ఉంటుంది. పెళ్ళిలో పంక్తిలో కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, “ఫలానా ఆయన మీ ఆసుపత్రికి వచ్చాడటగా, ఏంటమ్మా సంగతి?” అని. “కంటికి చూపించుకున్నారు” అనడం కూడా ఎక్కువే. “నాకు తెలియదు పిన్నీ” అనండి, చాలు. రిపోర్టు మడతపెట్టి రోగి చేతికే ఇవ్వండి. వరండాలో పేరు పెట్టి గట్టిగా పిలిచి జబ్బు పేరు చెప్పకండి. ముఖ్యంగా ఆడవాళ్ళను ఎక్కడ తెచ్చుకున్నావని నిలదీయకండి. చాలామందికి ఇది కట్టుకున్నవాడి నుంచే వస్తుంది.

మీ పని విలువ చెప్పడానికి మన ఏలూరు జిల్లా మాటే చెబుతాను. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ గారు సినిమాల్లో సంపాదించిన దానిలో కొంత భాగం కంటి వైద్యానికి ఇచ్చారు. 1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించిన కంటి ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు. ఆ సంస్థ పల్లెల్లో తెరిచిన దృష్టి కేంద్రాలను నడిపేది ఎక్కువగా అక్కడి ఊళ్ళ నుంచే వచ్చి శిక్షణ పొందిన మీ వయసు పిల్లలు. పెద్ద డాక్టరు కంటే ముందు రోగిని చూసేది మీరే. మీ దగ్గర దారి తప్పిన రోగి పైదాకా చేరేసరికి ఆలస్యమైపోతుంది.

అందుకని రేపటి నుంచి మూడు పనులు చేయండి. ఎర్రకన్నుతో చూపు తగ్గినవాళ్ళు వస్తే సొన మాట నమ్మేముందు ఎన్నాళ్ళ నుంచి, రెండో కన్ను ఎలా ఉంది, ఏం చుక్కలు వాడుతున్నారు అని అడగండి. అనుమానం వస్తే మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి పుండు గురించి, దద్దురు గురించి మామూలు గొంతుతో అడిగి, అదే రోజు రక్తపరీక్షకు, కంటి డాక్టరు దగ్గరకు పంపండి. పంపాక చేరాడా లేదా అని ఫోన్ చేసి కనుక్కోండి. సుఖవ్యాధులకు పెద్దాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్కుల్లో ఉచితంగా వైద్యం, కౌన్సెలింగ్ ఉంటాయని, అడగడానికి మొహమాటపడేవాళ్ళు 1097కు ఫోన్ చేయవచ్చని చెప్పండి.

మీ చేతుల్లో పట్టా పెట్టేటప్పుడు మీ మీద మాకున్న ఆశ కూడా ఇదే. మీ ఉద్యోగాలు నిలకడగా సాగాలని, మీ దగ్గరికొచ్చే మనిషి భయం లేకుండా నోరు విప్పగలగాలని కోరుకుంటున్నాను.