చామంతి తోటలో దీపము, చీకటి



శంషాబాదు, మొయినాబాదు, చేవెళ్ల, షాబాదు మండలముల రైతులు చామంతికి కొత్తవారు కారు. తెల్లవారుజామున గుడిమల్కాపూరు పూల మార్కెట్టులో పూలు దింపు బండ్లలో మీ ఊళ్ల బండ్లు తప్పక ఉండును. 2014 తరువాత కొన్ని యేండ్లపాటు రాష్ట్ర ప్రభుత్వము పాలీహౌసులకు 75 శాతము రాయితీ ఇచ్చినందున ఈ ప్రాంతమున వాటి క్రింద పూలసాగు పెరిగినది. అటువంటి రైతులు తరచుగా అడుగు ప్రశ్నలు రెండు.

ఒకరు, "అయ్యా, మొక్క మోకాలెత్తు కూడ రాలేదు, అప్పుడే మొగ్గ తొడిగినది. నాలుగు పూలు పూచి ఊరకున్నది. ఏమి లోపము?" అందురు. మరొకరు, "తోట అంతయు పూచినది. రోడ్డు వైపు మడి మాత్రము పచ్చగా పెరుగుచునే ఉన్నది, మొగ్గ లేదు. ఎరువు తక్కువైనదా?" అందురు.

ఈ రెంటికిని ఎరువుతో పని లేదు. మొదటి తోటలో మొక్క పెరుగవలసిన రోజులలో రాత్రి మరీ పొడవైనది. రెండవ తోటలో మొక్క పూయవలసిన రోజులలో రాత్రి చెడిపోయినది. చామంతికి నీరు, ఎరువు ఎంత ముఖ్యమో చీకటి కూడ అంత ముఖ్యము. ఈనాడు మీతో చెప్పదలచిన సంగతి ఇదే.

మొక్క రాత్రిని కొలుచును

పుంటికూర సంగతి మీకు తెలియనిది కాదు. తొలకరిలో విత్తినది నిలువెత్తు పెరిగి శీతకాలము వచ్చుచుండగా పూయును. ఆలస్యముగా విత్తినదో, పొట్టిగా ఉండగనే పూతకు వచ్చును. మన పాతకాలపు దీర్ఘకాలిక కంది రకములదియు ఇదే స్వభావము. మొక్కకు వయస్సు మాత్రమే గుర్తు కాదు, రాత్రి పొడవు కూడ గుర్తు.

ఈ సంగతిని 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు లోకమునకు తెలిపిరి. వేసవిలో ఎంత పెరిగినను పూయని ఒక పొగాకు రకమును వారు ప్రతిదినము కొన్ని గంటలు చీకటి గదిలో పెట్టగా అది పూచినది. తరువాత 1938లో హామ్నర్, బానర్ అనువారు మన చేలగట్ల మీద పెరుగు మరులమాతంగి జాతి మొక్కపై పరీక్షలు చేసిరి. పొడవైన రాత్రి నడుమ కొద్దిసేపు దీపము వెలిగించిన చాలు, మొక్క పూయుట మానినది. అనగా మొక్కకు కావలసినది పగలు తగ్గుట కాదు, రాత్రి తెగకుండ సాగుట.

చామంతి ఈ కోవకు చెందినది. సాధారణముగా పగలు సుమారు పదమూడున్నర గంటలకు తగ్గినపుడు, అనగా రాత్రి పదిన్నర గంటలకు మించి తెగక సాగినపుడు, మొగ్గలు చక్కగా ఏర్పడి ఎదుగును. రకమును బట్టి ఈ లెక్క కొంత మారును.

ఇక మన హైదరాబాదు ప్రాంతము సంగతి చూడుడు. జూన్ చివర మన దీర్ఘమైన పగలు సుమారు 13 గంటల 10 నిమిషములు. డిసెంబరు చివర అది సుమారు 11 గంటలే. ఉదయ సాయంకాలముల సంధ్య వెలుతురు కలుపుకొన్నను, ఆగస్టు దాటిన పిమ్మట మన రాత్రులు చామంతిని పూతకు పిలుచుచునే ఉండును. కనుక సెప్టెంబరు, అక్టోబరు మాసములలో నాటిన లేత మొక్క ఒళ్లు చేయక మునుపే మొగ్గకు దిగును. ఎదగని మొక్క పూచిన పూలతో కూలి ఖర్చు కూడ రాదు.

పెరుగుదల దశలో దీపము

ఈ చిక్కునకు ఉపాయము రాత్రిని రెండు ముక్కలు చేయుట. రాత్రి 10 గంటలకు దీపములు వేసి 2 గంటలకు ఆర్పవలెను. అప్పుడు సాయంకాలము నుండి 10 వరకు ఒక చిన్న రాత్రి, 2 నుండి తెల్లవారువరకు మరొక చిన్న రాత్రి అగును. ఏ ముక్కయు మొగ్గకు చాలదు. మొక్క కాండము, ఆకు, కొమ్మ పెంచుకొనుచునే ఉండును.

ఈ వెలుతురు పంట ఆహారము తయారు చేసుకొనుటకు కాదు. ఆ పని పగటి సూర్యుడు చేయును. ఇది మొక్కను మేల్కొల్పుటకు మాత్రమే. కాబట్టి పెద్ద దీపములు అక్కరలేదు. మొక్క చిగురు ఎత్తున సుమారు 100 లక్సుల వెలుతురు ఉండిన చాలును. ఎఱ్ఱని కాంతి ఈ పనికి మిక్కిలి అనువైనది. మామూలు తెల్లని ఎల్‌ఇడి బల్బులో కూడ ఆ కాంతి కావలసినంత ఉండును.

పది గుంటల పాలీహౌసు ఉన్నదనుకొనుడు. అది సుమారు వెయ్యి చదరపు మీటర్లు. రెండున్నర మీటర్లకు ఒక 9 వాట్ల బల్బు చొప్పున వరుసలు కట్టినచో 160 బల్బులు పట్టును. రాత్రికి నాలుగు గంటల చొప్పున సుమారు 5.8 యూనిట్లు, 35 రాత్రులకు సుమారు 202 యూనిట్లు ఖర్చగును. ఈ లెక్క మొదలు పెట్టుటకే. బల్బులు కట్టిన పిదప మడి అంచులలో, మూలలలో లక్సు మీటరుతో కొలిచి చూడవలెను. వెలుతురు చాలని మూల ముందుగా పూచును, తోట ఒక్క తీరున రాదు.

టైమరు లేకుండ ఈ పని పెట్టుకొనవద్దు. అర్ధరాత్రి లేచి మీట నొక్కుదమనుకొన్న మనిషి పదవ రోజున నిద్రపోవును. కరెంటు పోయి ఒక రాత్రి దీపము వెలుగకున్న భయపడవలదు. వరుసగా పలు రాత్రులు వెలుగనిచో మొగ్గ మొదలగును. ఏ కేటగిరీ క్రింద కనెక్షను తీసుకొనవలెనో విద్యుత్తు కార్యాలయమున ముందుగా అడిగి తెలిసికొనుడు. తడి చోట దీపములు కనుక తీగలకు మంచి తొడుగు, ఎర్తింగు తప్పనిసరి.

కొమ్మ కత్తిరింపులు తీయు తల్లి మొక్కలకు కూడ దీపము పెట్టవలెనని మరువకుడు. తల్లి మొక్క చీకటిలో మొగ్గకు సిద్ధపడి ఉన్నచో ఆ మొగ్గబుద్ధి కత్తిరింపుతోనే మీ మడికి వచ్చును. నాటిన మొక్క వేరూని కొత్త చిగురు వేసిన తరువాత తలలు త్రుంచినచో ప్రక్క కొమ్మలు వచ్చును. ఈ దశలో నత్రజని లోపము రానీయరాదు. నీరు నిలువని మడి, బాగుగా చివికిన పశువుల ఎరువు, భూసార పరీక్షను బట్టి వేయు ఎరువులు, ఇవి మీకు తెలిసినవే. పేనుబంక, తామర పురుగులు చిగుళ్లలో చేరును గనుక వారమునకు రెండుసార్లు చిగురు విప్పి చూడవలెను.

పూత దశలో చీకటి

మొక్క తగినంత ఎదిగిన తరువాత దీపము ఆర్పివేయవలెను. ఆ రాత్రి నుండి లెక్క మొదలు. రకమును బట్టి ఏడు మొదలు పది వారములకు పూలు కోతకు వచ్చును. నారు ఇచ్చిన నర్సరీవారిని మీ రకము ఎన్ని వారములదో అడిగి వ్రాసికొనుడు. ఆ అంకె లేనిదే పండుగకు పూలు అందించుట సాధ్యము కాదు.

సంక్రాంతి ఉదాహరణ చూతము. మీ రకము తొమ్మిది వారములది. జనవరి 8న కోత మొదలు కావలెను. అందులో నుండి 63 రోజులు వెనుకకు లెక్కించిన నవంబరు 6 వచ్చును. ఆ రాత్రి దీపములు ఆగవలెను. దానికి ముందు ఐదు వారములు పెరుగుదల దశ, అనగా అక్టోబరు 2న వేరూనిన మొక్కలు నాటవలెను. వేళ్లు వచ్చుటకు ఇరువది రోజులు పట్టును గనుక సెప్టెంబరు 12న కత్తిరింపులు పెట్టవలెను. పండుగ దాటి రెండు రోజులకు వచ్చిన పువ్వు ఎంత మంచిదైనను దాని ధర ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు.

శీతకాలపు పంటకు దీపము ఆర్పుట చాలును, రాత్రులు వాటంతట అవే పొడవుగా ఉండును. ఏప్రిల్ నుండి ఆగస్టు వరకు పూతకు తేదలచినవారు మాత్రము నల్లని తెర కప్పవలెను. సాయంకాలము 6 గంటల నుండి ఉదయము 8 గంటల వరకు చీకటి చేయవలెను. మొగ్గలు రంగు చూపువరకు ఒక్క రోజైనను మానరాదు. పగటివేళ తెర వేసి లోపల నిలువబడి చూడుడు. ఎక్కడ వెలుతురు చుక్క కనిపించునో అక్కడ చిరుగు ఉన్నదన్నమాట.

మన వేసవిలో ఇందొక కష్టము కలదు. తెర క్రింద వేడి నిలిచిపోవును. చామంతి మొగ్గకు చల్లని రాత్రి కావలెను. 15 నుండి 18 డిగ్రీల రాత్రి ఉత్తమము. వేడి మితిమీరినచో మొగ్గ ఆలస్యమగును, పువ్వు వంకర పోవును. కనుక బయట పూర్తిగా చీకటి పడిన తరువాత తెర ప్రక్కలు ఎత్తి గాలి ఆడనిచ్చి, తెల్లవారకముందే మరల దింపవలెను. మొదటిసారి చేయువారు వేసవి పంట జోలికి పోక శీతకాలపు పంటతో నేర్చుకొనుట మేలు.

మొగ్గ కనిపించిన తరువాత నత్రజని తగ్గించి పొటాషుపై శ్రద్ధ పెట్టవలెను. నీరు ఆకుల మీద పోయక మొదటికే పెట్టవలెను, లేనిచో ఆకుమచ్చ తెగులు పెరుగును.

ఊరి వెలుగుతో జాగ్రత్త

2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతపు రాత్రి మారినది. రోడ్డు దీపములు, గోదాముల గేటు దీపములు, పెళ్లి మండపముల ఫ్లడ్‌లైట్లు, ఔటర్ రింగు రోడ్డు కాంతి, ఇవన్నియు ఒకప్పుడు చీకటిగా ఉండిన చేల మీద పడుచున్నవి. రోడ్డు వైపు మడి పూయకుండుటకు కారణము ఇదే. మీరు ఆర్పిన దీపమును ప్రక్కవాడు వెలిగించుచున్నాడు.

వెన్నెలకు భయపడవలదు. ఆ కాంతి చాల స్వల్పము. కాని రాత్రిపూట మడిలో నిలువబడి మొక్క ఎత్తున వార్తాపత్రిక చదువ వీలైనచో ఆ వెలుతురు ప్రమాదకరమని తెలియుడు. అటువైపు దట్టమైన తెర కట్టుడు, లేదా ఆ అంచున దివారాత్ర భేదము లేక పూయు మరొక పంట వేసుకొనుడు. పొరుగువారితో మాటలాడి గేటు దీపమునకు క్రిందివైపు చూచు రేకు తొడుగు వేయించుట అన్నింటికంటె చవక.

మీ దీపములకు కూడ అట్టి తొడుగు అవసరము. విమానములు దిగు ప్రాంతమున పైలట్లను తికమక పరచు దీపములు వేయరాదు. పాలీహౌసు దీపముల వెలుగు పైకి పోక మొక్కపైననే పడునట్లు కట్టుకొనుడు. కరెంటు కూడ ఆదా అగును.

ఒక హెచ్చరిక. దీపముతో పెంచి చీకటితో పూయించు ఈ పద్ధతి గంజాయి మొక్కకు కూడ వర్తించును. గదులలో, షెడ్లలో దీపముల క్రింద దానిని దొంగతనముగా పెంచువారు కలరు. మామూలుకంటె హెచ్చు కౌలు ఇత్తుమని, లోపలికి ఎవరును రాకూడదని షరతు పెట్టి పాలీహౌసు అడుగువారు వచ్చినచో ఆలోచించుడు. అనుమతి లేక ఆ మొక్క పెంచుటకు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద పది సంవత్సరముల వరకు కఠిన కారాగారము, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చును. తెలిసి స్థలము ఇచ్చినవారు కూడ శిక్షార్హులే. నాలుగు నెలల కౌలుకు ఆశపడి భూమిని, పరువును పోగొట్టుకొనకుడు.

సోదరులారా, ఇంతవరకు చెప్పినది మూడు మాటలలో గుర్తుంచుకొనుడు. ఎదుగు మొక్కకు రాత్రిని విరువుడు. పూయు మొక్కకు రాత్రిని కాపాడుడు. ఏ రోజు ఏది చేసితిరో పుస్తకములో వ్రాసికొనుడు. సందేహమున్నచో మీకు చేరువలోనే ఉన్న రాజేంద్రనగరు పూల పరిశోధన స్థానమునకు ఆ పుస్తకము తీసుకొని పొండు. మీరు వ్రాసిన తేదీలు చూచినచో అక్కడివారు లోపము సులభముగా పట్టగలరు.

ఎరువు బస్తాకు డబ్బు పెట్టకముందు ఒక పని చేయుడు. ఈ రాత్రి పది గంటలకు తోట చుట్టు ఒకసారి తిరిగి రండు. ఏ దిక్కు నుండి వెలుతురు పడుచున్నదో మీ కన్నులే చెప్పును.