కొడితే పిల్లలకు తప్పు–ఒప్పు తెలుస్తదా?

భూపాలపల్లి నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టిండు: "అన్నా, మా చెల్లెకు ఆరేళ్లు. ఊకె అబద్ధాలు ఆడుతుంది. కొడితే మారుతదా?" జవాబు చెప్పే ముందు నా తప్పు ఒకటి చెప్పాలి.

మొన్న మహబూబాబాద్‌లో మా అక్క వాళ్లింటికి పోయిన. మేనల్లుడికి ఐదేళ్లు. "మామా, నీళ్లు" అంటూ గ్లాసు తెచ్చి, కాలు జారి నా ల్యాప్‌టాప్ మీద ఒంపిండు. గట్టిగా అరిచిన. తెల్లారి వాడు చాయ్ కప్పు పగలగొట్టిండు. ముక్కలు బియ్యం డబ్బా వెనక దాచి, "నేను కాదు" అన్నడు. అప్పుడు అర్థమైంది. నేను నేర్పింది "తప్పు చేయొద్దు" అని కాదు, "దొరకొద్దు" అని.

స్విట్జర్లాండ్ సైకాలజిస్ట్ జాన్ పియాజే 1932లో వచ్చిన తన పుస్తకంలో దీని గురించే రాసిండు. పిల్లలకు రెండు కథలు చెప్పిండు. ఒకడు తలుపు తీస్తుంటే, వెనక ఉన్న 15 కప్పులు తెలియక పగిలినయ్. ఇంకొకడు అమ్మ లేనప్పుడు జామ్ దొంగతనంగా తీయబోయి ఒక్క కప్పు పగలగొట్టిండు. ఎవరిది పెద్ద తప్పు? చిన్నపిల్లల్లో చాలామంది 15 కప్పులోడిదే అన్నరు. పెద్దయ్యే కొద్దీ "వాడు కావాలని చేయలే కదా" అనడం మొదలైతది. పెద్దల భయంతో కాదు, గోళీలాటలో తోటి పిల్లలతో రూల్స్ మాట్లాడుకుంటూ ఈ తెలివి పెరుగుతదని పియాజే అంటడు.

మరి నేను? బీటెక్ చదివి కూడా ల్యాప్‌టాప్ రేటు చూసిన, వాడి ఉద్దేశం చూడలే. ఐదేళ్ల పిల్లోని లెక్కే కట్టిన.

మన జనగామ జిల్లా బమ్మెర పోతన భాగవతంలో ప్రహ్లాదుడు గుర్తున్నడా? గురువుల చదువు, తండ్రి బెదిరింపు, పాములు, ఏనుగులు, ఏవీ ఆ పిల్లోని మనసు మార్చలే. భక్తి సంగతి పక్కన పెట్టినా, ఒకటి నిజం: భయపెట్టి నోరు మూయించొచ్చు, మనసును ఒప్పించలేం.

ఆ సాయంత్రం వాడి పక్కన కూసొని, "నువ్వు నీళ్లు తెచ్చుడు మంచి పని. అరిచింది నా తప్పు, సారీ రా" అన్న. వాడు కాసేపు చూసిండు. తర్వాత నన్ను తీస్కపోయి, డబ్బా వెనక ఇంకో ముక్క చూపించిండు. ఎవరి కాలికైనా గుచ్చుకునేది.

అందుకే తమ్మీ, కొట్టకు. చెల్లె నిజం చెప్పిన రోజు తిట్టకు. ఏమైందో అడుగు, పాడైంది ఇద్దరూ కలిసి సర్దండి.

మీ ఇంట్ల ఎట్ల జరిగిందో కామెంట్ చేయండి. మళ్లీ కలుద్దాం!